సిరా లేని పెళ్ళి కార్డు

మా ఇంటి వీధి గదిలో ఏం పెట్టాలన్న విషయంలో ఆదోనిలో మా వీధి వీధంతా ఒకే మాట మీద ఉండేది: పిండి మర. నేనొక్కదాన్నే వేరే దారి. మూతపడిన ఒక ప్రెస్సు నుంచి కాలితో తొక్కే పాత అచ్చు మిషన్ కొనుక్కొచ్చి ఆ గదిలో నిలబెట్టాను. శుభలేఖలు, గ్రీటింగ్ కార్డులు, పేరు అచ్చేసిన ఉత్తరాల కాగితాలు చేస్తానని కూర్చున్నాను. మిషన్ దింపిన రోజే పక్కింటామె జొన్నల డబ్బా చంకన పెట్టుకుని వచ్చింది. ఇది మర కాదని చెబితే, "మర కాకుంటే ఇంత ఇనుమెందుకు పాపా" అని డబ్బాతోనే వెనక్కి పోయింది.

మా ఆయన నన్ను ఏనాడూ వద్దనలేదు. వద్దనకుండా విసిగించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. అన్నం కలుపుకుంటూ, "ఈపొద్దు ఆలూరు రోడ్డు మర కాడ ఎంతమంది జనముండారో సూసినావా" అంటాడు, నేనేదో ఆ జనాన్ని తరిమేసినట్టు. అందరూ ఫోన్లోనే శుభలేఖలు పంపుకునే రోజుల్లో నా గదికి వచ్చేవాళ్ళు తక్కువే, కాదనను. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మొదటి పెద్ద ఆర్డరు మెప్పిస్తే మిషన్ ఉంటుంది, సరుకు తిరిగొస్తే గది పిండి మరకు. అసలు పెద్ద ఆర్డరంటూ వస్తేగా తిరిగి రావడానికి, అని నేను హాయిగా ఒప్పుకున్నాను.

వచ్చింది. ఊళ్ళో ఒక పత్తి వ్యాపారి కూతుర్ని ఎమ్మిగనూరు బట్టల వ్యాపారుల ఇంటికి ఇస్తున్నారు. కార్డు ఎంచుకోవడానికి పెళ్ళికూతురే వచ్చింది. బంగారు రంగువి, గణపతి బొమ్మలవి అన్నీ పక్కకు నెట్టి, నేను సరదాకి చేసి పెట్టుకున్న ఒక కార్డు తీసింది. మందమైన పత్తి కాగితం, దాని మీద సిరా లేకుండా ఉత్త అచ్చు. అక్షరాలు కాగితంలోకి దిగి ఉంటాయి, అంతే. వెలుగు పక్కనుంచి పడితే కనిపిస్తాయి, లేకపోతే లేదు.

"ఇదే కావాలక్కా. ఇట్లాంటిది మా తట్టు ఎవురూ ఎయ్యలేదు" అంది. ఎందుకు వేయలేదో ఆ ఘడియలో మా ఇద్దరికీ తట్టలేదు.

అచ్చు లోతుగా దిగాలంటే బలంగా తొక్కాలి. తొక్కీ తొక్కీ నా కుడికాలు ఎడమకాలికంటే లావైందని ఇప్పటికీ నా అనుమానం. కానీ ఆ తెల్ల కార్డులంటే నాకు పిచ్చి ప్రేమ పుట్టింది. ఒక్కొక్కదాన్నీ కిటికీ దగ్గర వంచి చూసుకుని మురిసిపోయేదాన్ని.

ఆ పత్తి వ్యాపారి ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కార్డులు పంచే ముందు మొదటి కార్డు దేవుడి ముందు పెట్టి, నాలుగు మూలలా పసుపు రాసి, ఇంటి పెద్ద దాన్ని అందరికీ వినబడేలా చదవాలి. ఇంటి పెద్ద అంటే వ్యాపారి తల్లి, అవ్వ. కార్డులు అప్పగించే రోజు పెట్టెలు మోయడానికని మా ఆయన నా వెంట వచ్చాడు. మోయడానికి కాదు, చూడ్డానికని నాకు తెలుసు.

వ్యాపారి కార్డు తీశాడు. తిప్పి చూశాడు. మళ్ళీ తిప్పాడు. కిందది తీశాడు.

"రంగు అయిపోయినాదా పాపా?"

"లేదన్నా. ఇది ఇట్లనే."

"ఇట్లనే అంటే? ఏమీ లేకుండానా?" వేళ్ళ మధ్య కాగితం నలిపి చూశాడు. "పత్తి మంచిదే. పెండ్లి యాడుంది?"

ఎమ్మిగనూరు నుంచి వచ్చిన పెళ్ళికొడుకు మేనమామ ఒకటి అందుకున్నాడు. "మా ఊర్లో గుడ్డకైనా అంచుంటాదప్పా. ఉత్త తెల్ల కార్డు పంచితే జనం పెండ్లికి రారు, పరామర్శకు వస్తారు."

పెళ్ళికూతురి ముఖం చిన్నబోయింది. మా ఆయన గోడకానుకుని, మర ఏ మూలకు పెడితే గాలి బాగా ఆడుతుందో ఆలోచిస్తున్న మనిషిలా కనిపించాడు. ఏదో ఒకటి అనాలి కదా, అనేశాను.

"కండ్లతో కాదన్నా, సేత్తో తడిమి సూడల్ల."

మర్యాదస్తులు, నిజంగానే తడిమారు. హాలునిండా పెద్దమనుషులు కళ్ళు మూసుకుని కార్డుల మీద వేళ్ళు నడిపిస్తున్నారు. "నాకు ఏదో సున్నా తగిలింది" అన్నాడొకాయన. "నాకు ముహూర్తం తగిలినట్టే ఉంది, టైము తెలీలే" అన్నాడు మేనమామ. నేను నవ్వలేదు. నవ్వితే ఏడుపొచ్చేట్టుంది.

అంతసేపూ అవ్వ దేవుడి ముందు, తడిపిన పసుపు అరచేతినిండా పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఓపిక అయిపోయింది.

"సదవాల్సింది నేనైతే మీరు తడుముతారేంది? ఈడికి తెండి."

కార్డు తీసుకుంది, మూలలకు పసుపు పెట్టింది. పెట్టి, నేను చెప్పాను కదా అని, ఆ పసుపు అరచేత్తోనే కార్డును పైనుంచి కిందిదాకా ఒక్క తడుము తడిమింది.

నేను కళ్ళు మూసుకున్నాను. నా కార్డు పోయింది, మిషన్ పోయింది అనుకున్నాను. తర్వాత అవ్వ గొంతు వినబడింది, రాగం తీస్తూ: "శ్రీరస్తూ, శుభమస్తూ..."

కళ్ళు తెరిస్తే కార్డంతా పచ్చగా ఉంది. అక్షరాలు మాత్రం తెల్లగా మెరుస్తున్నాయి. లోపలికి దిగి ఉన్నాయి కాబట్టి పసుపు వాటిని అంటలేదు. అవ్వ ముహూర్తం దాకా ఎక్కడా తడబడకుండా చదివి, నావైపు తిరిగింది.

"అచ్చు నువ్వేసినావు, కనబడేటట్టు సేసింది నేను. మర్సిపోవద్దు."

అన్ని కార్డులకూ అట్లే పుయ్యమన్నాడు వ్యాపారి. ఇంట్లో ఆడవాళ్ళంతా చేతులు ముంచారు. పసుపు చాలలేదు. కొమ్ములు ఆడించుకు రమ్మని మా ఆయనను మరకు పంపారు. పసుపు ఆడితే ఆ తర్వాత వచ్చే పిండంతా పచ్చబడుతుందని మరాయన గుమ్మంలోంచే పంపించేశాడట. సంచి మోసుకుని తిరిగొచ్చిన మా ఆయన ముఖంలో, అన్నాళ్ళ ప్రేమకు మర చేసిన ద్రోహం చూసి నాకు జాలి కూడా వేసింది. అంతలోనే నవ్వొచ్చింది.

ఇప్పుడు ఎమ్మిగనూరు నుంచి కూడా పసుపు కార్డులు కావాలని వస్తున్నారు. నా మిషన్ పక్కనే ఒక చిన్న మర ఉంది, మా ఆయన పెట్టిందే. అది దింపిన రోజు పక్కింటామె జొన్నల డబ్బాతో పరిగెత్తుకొచ్చింది.

"జొన్నలు ఆడరమ్మా దీంట్లో. పసుపుకే" అన్నాడు మా ఆయన.

"మర పెట్టి జొన్నలు ఆడనంటే ఎట్లప్పా? మరి దేనికిది?"

"మా కార్డులకు" అన్నాడు.

తొక్కుతున్న కాలు ఆపేశాను. నాతో పాటు మా వీధంతా విని ఉంటే బాగుండుననిపించింది. ఆమె మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.