లీనా స్కేట్లతో సులై దాకా

గురువారం తెల్లవారుజామున తలుపు దగ్గర లైటు వేసేసరికి, పాత పేపరు మీద పెట్టిన నా స్కేట్లలో ఎడమది బయటి వైపుకు వాలి ఉంది. రాత్రి రెండింటినీ బ్లేడ్లకు రబ్బరు తొడుగులు వేసి, గోడకు ఆనించి నిటారుగా పెట్టాను. చీలమండ దగ్గర తోలు మెత్తబడితే అలా వాలుతుందని నాకు తెలుసు. అయినా ఎవరో ఒంటికాలి మీద బరువు వేసి బస్సు కోసం నిలబడినట్టుంది. సంచిలో వేసి జిప్పు లాగేశాను.

సౌదీలోని ధహ్రాన్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇంజనీర్ల డ్రాయింగులకు నంబర్లు వేసి భద్రపరిచే ఉద్యోగం నాది. ఖోబర్‌లో ఇద్దరు నర్సులతో కలిసి ఉంటున్నాను. ఎనిమిది నెలలుగా ఒక మాల్‌లోని మంచు రింకులో ఆడవాళ్ళ ఐస్ హాకీ సాధనకు వెళుతున్నాను. మా గదుల్లో ఏ వస్తువూ మొదట మాది కాదు. ఫైనల్ ఎగ్జిట్ మీద దేశం వదిలి వెళ్ళేవాళ్ళు మంచం, కుక్కరు, ఇస్త్రీపెట్టె అన్నీ ఫోన్ గ్రూపుల్లో పెట్టి అమ్మేస్తారు. స్కేట్లూ అలాగే కొన్నాను. లీనా అనే అమ్మాయివి. వాళ్ళమ్మ సంచిలో పెట్టి ఇచ్చింది. లీనాను నేను చూడలేదు.

కాన్వెంటులో అడుగుల చప్పుడు వినపడకుండా వరండా దాటడం నేర్పారు మాకు. పదేళ్ళు నేర్చుకున్నది ఒంట్లోనుంచి పోదు. కానీ ఆ స్కేట్లు తొడుక్కుంటే నేను దూసుకుపోయేదాన్ని. ఆగడం మాత్రం రాలేదు, చుట్టూ ఉన్న గోడకు గుద్దుకుని ఆగేదాన్ని. లీనాకూ నేర్పిన మా కోచ్ వెనుక నుంచి చూసి రెండుసార్లు నన్ను "లీనా" అని పిలిచింది. మూడు వారాల క్రితం ఎవరో తీసిన వీడియోలో నన్ను నేను వెనుక నుంచి చూశాను. ఎడమ భుజం కిందికి దించి, కుడి చేయి చాచి పోతున్న ఆ మనిషిని గుర్తుపట్టలేకపోయాను.

శనివారం జట్టు ఎంపిక ఉంది. పదిహేను చోట్లు. నన్ను తీసుకోవాలని ఉందని, అయితే ఆ స్కేట్లలో కాలు విరగ్గొట్టుకుంటానేమోనని కోచ్ అంది. రియాద్‌లో సులై దగ్గర పాదానికి స్కేట్లు సరిగ్గా కొలిచి అమర్చే ఒకాయన ఉన్నాడని నంబరు ఇచ్చింది. నేను ఏ విషయానికీ ఎవరికీ ఫోన్ చేయను. ఆయనకు చేశాను.

దమ్మామ్‌లో పొద్దున రైలు పట్టుకుంటే నాలుగు గంటల పైచిలుకులో రియాద్ చేరవచ్చు. నా నివాస అనుమతి కార్డు, ఇఖామా నంబరుతో వారం ముందే మామూలు తరగతి టికెట్ కొన్నాను, నూరు రియాళ్ళ లోపే పడింది. సామాను తనిఖీ దగ్గర గార్డు నా సంచిని తెర మీద చాలాసేపు చూశాడు. నేనూ చూశాను. ఎక్స్‌రేలో తోలు కనిపించలేదు. రెండు కత్తులు, వాటి పైన గాలిలో వరుసగా తాళ్ళ రంధ్రాల రింగులు మాత్రం ఉన్నాయి. ఆటకా అని అడిగి పంపేశాడు. హుఫూఫ్ దాటాక కిటికీలో నా ముఖం, దాని వెనక ఇసుక. తెచ్చుకున్న పుస్తకంలో ఒకే పేజీని మూడుసార్లు చదివాను.

స్టేషన్ బయట యాప్‌లో పిలిచిన కారు డ్రైవరు పేరు మస్తాన్, రాయచోటి ఆయన. ఇంటి నుంచి ఫోన్ వస్తే నేను మాట్లాడడం విని తెలుగులోకి వచ్చేశాడు. ఎక్కడికి పోవాలో యాప్‌లో చూసుకుని అద్దంలో నన్ను చూశాడు.

"సులైలో ఆడోళ్ళకేం పని మ్మా? ఆడ గోడౌన్లు, లేబర్ క్యాంపులు తప్ప ఏం లేవే."

బూట్లు కొనడానికన్నాను.

"బూట్లు మాల్‌లో దొరకవా? సరేలే, చెప్పకపోతే పోనీ. నేను గేటు కాడనే ఉంటా. గంటకొకసారి మెసేజ్ పెట్టు మ్మా. పెట్టలేదంటే లోపలికొచ్చేస్తా."

అరగంట లోపు ప్రయాణం, ముప్పై రియాళ్ళు. ఆగినందుకు సాయంత్రం ఇంకో నూట ఇరవై ఇచ్చాను. వద్దంటూనే తీసుకున్నాడు.

బయట నలభై నాలుగు డిగ్రీలు. గోదాము ఇనప తలుపు తోస్తే చలి ముందు పాదాలకు తగిలింది. నడవాకు రెండు పక్కలా నేల నుంచి కప్పు దాకా అరలు. వాటి నిండా రింకుల అద్దె స్కేట్లు, పదునుకు, మరమ్మతుకు వచ్చినవి. అన్నీ ముక్కులు బయటికి తిప్పుకుని ఉన్నాయి. వందల మంది నిలబడి మాట్లాడుకుంటూ, నేను రాగానే మానేసినట్టుంది.

"ముక్కు మీదనే నంబరుంటది బిడ్డా. అందుకే అట్ల పెడ్తం," అన్నాడు వెనుక నుంచి ఒకాయన. నేనింకా ఏమీ అడగలేదు.

కోచ్ చెప్పినాయన ఆయనే, పేరు గంగారాం. జగిత్యాల పక్క ఊరు. పంతొమ్మిదేళ్ళ కింద గ్రైండర్ పనికి వచ్చాడు. ఇప్పుడు పదును పెట్టేదీ, కొత్తవి కొలిచి అమర్చేదీ ఆయనే. గంగారాం గారూ అంటే, "గారు గీరు ఎందుకు, అన్న అను," అన్నాడు. తనెప్పుడూ స్కేట్లు తొడుక్కోలేదట.

నా జతలో ఎడమదాన్ని తిరగేసి పట్టుకున్నాడు. బ్లేడు అంచుల మీద ఒక రియాల్ బిళ్ళను అడ్డంగా పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు. బిళ్ళ ఒక పక్కకు ఒరిగి ఉంది. తర్వాత బూటులోకి మణికట్టు దాకా చేయి పెట్టి, వేళ్ళతో లోపల తడిమాడు. డాక్టరు నాడి చూసినంతసేపు పట్టింది.

"ఇవి నీయి గావు. ఈ పిల్ల నీకన్న పొడుగు. బరువంత ఎడమ కాలు మీద ఏస్తది. మస్తు ఉరుకుతది. ఆగుడు రాదు." బూటు కింద పెట్టాడు. "కుడి మోకాలు నొస్తది దీనికి."

మోకాలు నొప్పి నాకండీ అన్నాను. ఆరు నెలల నుంచి ఉంది. జట్టులోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు.

"నీకెందుకు నొస్తది? నీ కాళ్ళు సాపుగనే ఉన్నయ్. ఆమె పోయే తీరు నువ్వు పోతున్నవ్, గందుకే."

వేడి చేసి ఒకరి పాదానికి అమర్చిన బూటు ఆ చీలమండనే గుర్తుపెట్టుకుంటుందని, ఒక పక్కే అరిగిన బ్లేడు ఒంటిని అటే పడేస్తుందని వివరించాడు. లీనా మీకు తెలుసా అని అడిగాను. ఖోబర్ నుంచి నెలకోసారి డబ్బాలో ఆ జత తన దగ్గరికే వచ్చేదట.

"నేను ముఖాలు చూడలే బిడ్డా, కాళ్ళే చూసిన. ఒకపారి ముక్కు పగిలొచ్చినయ్. అతికిచ్చి పంపిన. మల్ల రాలే."

ఎడమ బూటు ముక్కు మీద గీతను వేలితో చూపించాడు. అది గీరుకుపోయిన గుర్తు అనుకుంటున్నాను ఎనిమిది నెలలుగా.

లోపలి గది ఒకప్పుడు బ్రెజిల్ నుంచి వచ్చే కోడిమాంసం దాచే శీతల గిడ్డంగి. దాని నేల మీద నీళ్ళు పోసి, రెండు కార్ల జాగా అంత మంచు గడ్డకట్టించాడు గంగారాం, పదును చూడడానికి. గోడలకు పరుపులు. మనిషి కదిలితేనే లైటు వెలుగుతుంది, కదలకపోతే ఆరిపోతుంది. లీనా స్కేట్లతో ముందు నన్ను పొమ్మన్నాడు. నాలుగు అడుగుల్లో పరుపుకు గుద్దుకున్నాను. తిరిగి వచ్చి మళ్ళీ గుద్దుకున్నాను. ఆయన తల ఊపాడు.

తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి కొలిచాడు. ఇక్కడ ఈ ఆట నేర్చుకుంటూ ఇది చదివేవాళ్ళకు పనికొస్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను. మామూలు బూటు సైజు కన్నా స్కేటు ఒకటి, ఒకటిన్నర తక్కువ ఉంటుంది. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు భాగాన్ని తాకీతాకనట్టు ఉండాలి, మోకాళ్ళు వంచితే కొద్దిగా వెనక్కి రావాలి. మడమ పైకి లేవకూడదు. తాళ్ళు కట్టకముందు పై నుంచి మూడో రంధ్రాల జత మీద పెన్సిలు అడ్డంగా పెట్టాలి. అది రెండు అంచుల మీదా ఆనితే లోతు సరిపోయింది, పాదం మీద ఊగితే చాలలేదు. పల్చటి మేజోళ్ళే వేసుకోవాలి. రెండు జతల మేజోళ్ళు వేసుకుని పెద్ద సైజు కొనేవాళ్ళే ఎక్కువమంది పడతారట.

నా సైజులో చూపడానికి ఉంచిన జత ఇచ్చి మళ్ళీ మంచు మీదికి పంపాడు. తను తలుపు దగ్గరికి వేసి, కొత్త పెట్టె తేవడానికి వెళ్ళాడు. నాలుగు అడుగులు వేశాను. చేతులు ఒంటికి దగ్గరగా, తల దించుకుని, చప్పుడు కాకుండా. అది నేనే. గది మధ్యలో, గోడ ముట్టకుండా, మొదటిసారి ఆగాను. లైటు ఆరిపోయింది.

చీకట్లో మంచు గీసుకున్న చప్పుడు వినిపించింది. పొడుగ్గా ఒకటి, పొట్టిగా ఒకటి, మళ్ళీ పొడుగ్గా. ఆ వీడియోలో నేను విన్న చప్పుడది. నా కాళ్ళు కదలలేదు. అది నా ఎడమ పక్క నుంచి దాటి గోడ వైపు పోయింది. పరుపుకు తగులుతుందని ఎదురుచూశాను. తగల్లేదు. చేయి పైకెత్తాను, లైటు వెలిగింది. మంచు మీద ఇందాకటి గీతలు, ఇప్పటి గీతలు ఉన్నాయి. నేను లెక్కపెట్టలేదు.

"కంప్రెసర్ బందయితే మంచు పలుకుతది," అన్నాడు గంగారాం తలుపు తీసి. నేనేమీ అడగలేదు.

పాతవాటినే మళ్ళీ వేడి చేసి అమర్చవచ్చా అని అడిగాను. చేయవచ్చు గానీ పాత ఆకారం సగమే పోతుందన్నాడు. అసలు అడగాల్సింది చివర్లో అడిగాను. కొత్తవాటితో శనివారానికి అంత వేగంగా పోగలనా?

"పోవు బిడ్డా. అబద్ధమెందుకు చెప్త? రెండు నెలలైతది. నువ్వు మల్ల మొదటికెళ్ళి నేర్వాలె." పాత జతను నా వైపు జరిపి, "పాతవి ఏసుకుంటే శనివారం మంచిగనే ఉరుకుతవ్. యాడ ఆగుతవో నాకెరుక లేదు," అన్నాడు.

కొత్తవి తీసుకున్నాను. ఎనిమిది వందల రియాళ్ళు, అందులోనే మొదటి పదును. కొత్త బ్లేడ్లు పదును లేకుండా వస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు. బూట్లను చిన్న ఓవెన్‌లో ఎనభై డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు ఉంచి నా కాళ్ళకు తొడిగాడు. తాళ్ళను పైకి కాకుండా పక్కలకు లాగి కట్టాడు, వేడి మీద పైకి లాగితే రంధ్రాలు చిరుగుతాయట. పావుగంట లేవకూడదు, ఒక రోజంతా మంచు ఎక్కకూడదు. మధ్యాహ్నపు జొహర్ నమాజుకు అజాన్ వినిపించింది, బయటి షట్టరు దించారు. తోలు నా చీలమండల చుట్టూ మెల్లగా బిగుసుకుంటుంటే కూర్చున్నాను. ఆ వేడి మరొకరి చేతుల వేడిలా ఉంది. ఆ ఖాళీలో గంగారాం నా సంచిలోని, మోకాలి నుంచి చీలమండ పైదాకా కట్టుకునే కవచాలు కూడా చూశాడు. మోకాలిచిప్ప కవచం పైనున్న గిన్నె మధ్యలో ఉండాలి, కింది అంచు స్కేటు పై అంచును తాకాలి. నావి రెండు వేళ్ళు పొడుగు, మార్చి ఇచ్చాడు. హెల్మెట్ మాత్రం వాడింది కొనవద్దన్నాడు, ఏ దెబ్బ తిన్నదో పైకి కనపడదు.

వెళ్ళే ముందు లీనా జతను బల్ల మీద పెట్టి, పక్కన పెద్ద కత్తెర పెట్టాడు. పనికిరాని జతను అలాగే పడేస్తే ఎవరో ఏరుకుని అమ్ముతారు, మరెవరో తొడుక్కుంటారు. అందుకని తాళ్ళ కింద ఉండే నాలుకను కోసేస్తారు, అది లేకపోతే ఇక ఎవరి కాలికీ కట్టలేరు.

"తెచ్చినోల్లే కొయ్యాలె. మా కాడ గదే పద్ధతి," అని అటు తిరిగి నిలబడ్డాడు.

ఎడమదాన్ని కోస్తూ శనివారం గురించి ఆలోచించాను. కుడిదాన్ని కోస్తూ ఏమీ ఆలోచించలేదు. ఆయన వాటిని తీసుకెళ్ళి మూల ఉన్న డ్రమ్ములో వేశాడు. అందులో ఇంకా చాలా ఉన్నాయి, అన్నీ నోళ్ళు తెరుచుకుని.

సాయంత్రం రైల్లో కొత్త జత ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మెసేజ్ పెట్టడం రెండుసార్లు ఆలస్యమైందని మస్తాన్ స్టేషన్ దాకా సాధిస్తూనే వచ్చాడు. ఎనిమిది నెలలు కోచ్ మెచ్చుకున్నది ఎవరినో నాకు తెలియదు. ఆ వేగం నాకు నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది. ఎక్కడో ఒక దేశంలో, ఆ వేగం నేర్చుకున్న అమ్మాయి ఎలా నడుస్తోందో తెలుసుకోవాలని ఉంది, కానీ వాళ్ళమ్మ నంబరుకు ఫోన్ చేయడానికి నా దగ్గర సరైన మొదటి వాక్యం లేదు. చీకట్లో విన్నది మంచు చప్పుడేనని నమ్ముతున్నాను. పగలు నమ్మడం తేలిక.

మీరూ ఎగ్జిట్ మీద వెళ్ళేవాళ్ళ దగ్గర స్కేట్లు కొంటుంటే, డబ్బు ఇచ్చే ముందు జేబులోంచి ఒక రియాల్ బిళ్ళ తీసి బ్లేడు మీద అడ్డంగా పెట్టి చూడండి. ఒరిగితే కొనకండి, ఎంత చవకైనా సరే.

శనివారం ఎంపికకు పదహారు మందిమి వెళ్ళాం. పదిహేను మందిని తీసుకున్నారు, నన్ను తీసుకోలేదు.