అమ్మ పేరు అడిగిన నాడు

అమ్మకు రెండు కండ్లల్ల శుక్లాలు ముదిరినయి. బియ్యంల రాళ్లు కనవడ్తలెవ్వు, పొయ్యి కాడ చేతులు కాల్చుకుంటాంది. నల్లగొండకు పోయి ఆపరేషన్ చేయించుకొమ్మంటె "మీ బాపును ఇడిసిపెట్టి నేను యాడికీ రాను" అని ఒక్కటే పాట. బాపుకేమైందట? మంచిగ తింటడు, అరుగు మీద కూసుంటడు, అందరితోని నవ్వుతడు. జర మతిమరుపు, అంతే. "అన్నీ నోటికందిచ్చి నువ్వే చెడగొట్టినవు" అని నేను కయ్యానికి దిగేదాన్ని.

గప్పుడే మా మండలం దవాఖానల ముసలోళ్లకు జ్ఞాపకశక్తి పరీక్ష చేస్తున్నరని ఊర్ల ఆశా వర్కరమ్మ చెప్పింది. మంచిగైందనుకున్న. బాపుకేం లేదని నర్సమ్మ నోటితోనే చెప్పిస్తె అమ్మ ఇగ మారు మాట్లాడకుంట ఆపరేషన్‌కు వస్తదని ఇద్దర్నీ ఆటోల ఎక్కించుకపోయిన.

నర్సమ్మ ట్యాబ్ పట్టుకోని బాపును అడుగుతాంది, అమ్మ జవాబు చెప్తాంది. ఇయ్యాల ఏ వారం తాతా? "సోమారం" అమ్మనే. పొద్దుగాల ఏం తిన్నవు? "జొన్నరొట్టె, పుంటికూర" మల్ల అమ్మనే. నర్సమ్మకు చిర్రెత్తింది. "అవ్వా, పరీక్ష నీకా, ఆయనకా? జర బయట కూసో పో" అన్నది. నాకు నవ్వొచ్చింది.

తలుపు దగ్గరికేసినంక ఏదడిగినా బాపు ఆ తలుపు దిక్కే చూసి "ఆమెనడుగు" అన్నడు. వారం అడిగినా అదే, తిండి అడిగినా అదే. నాకు భయమైంది. ఆఖరికి నర్సమ్మ "పోనీ, మీ ఇంటామె పేరేంది?" అన్నది. బాపు తల దించుకోని ముసిముసిగ నవ్విండు.

"మా దిక్కు పెద్దోళ్లు ఇంటామె పేరు నోట్లెకెల్లి రానియ్యరు మేడం" అని నేనే అడ్డం పడ్డ. అబద్ధమేం గాదు. నాకు బుద్ధెరిగిన సంది బాపు అమ్మను "ఇగో" అనుడే గని పేరు పెట్టి పిలిచింది లేదు. నర్సమ్మ గూడ నవ్వి, బీపీ మిషన్ తెస్తనని పక్క అర్రలకు పోయింది.

బాపు నా చెయ్యి పట్టుకుండు. గొంతు తగ్గిచ్చి, "బిడ్డా, ఆమె పేరేందే? ఆమెనే అడుగుదమంటె బాధపడ్తది" అన్నడు.

చెవుల చెప్పిన. పెదవులు ఆడిచ్చుకుంట మెల్లగ మల్ల మల్ల అనుకున్నడు.

బయటికొచ్చేసరికి అమ్మ బెంచీ పట్టుకోని తడుముకుంట లేస్తాంది. బాపు ఆమె ముంగట నిలవడి, సంబరంగ, నలుగురు ఇనేటట్టు పేరు పెట్టి పిలిచిండు. పక్కన కూసున్న ముసలమ్మలు "అబ్బో! గీ వయసులనా?" అని కిసకిస నవ్విండ్రు.

అమ్మ నవ్వలే. నా మొఖం ఆమెకు సరిగ కనవడదు, అయినా నా దిక్కు తిరిగింది.

"నువ్వు చెప్పినవా?"

నేను పోయి ఆమె చెయ్యి పట్టుకున్న.

"ఒక్కోపారి నన్ను వాళ్ల అక్క అనుకోని 'అక్కా' అని పిలుస్తడు బిడ్డా. నేను పలుకుత. ఒక్కోపారి వాళ్ల తల్లి అనుకోని 'అవ్వా' అంటడు, దానికీ పలుకుత. ఇగ చెప్పు, నేను నల్లగొండల మంచం మీద పండుకుంటె, ఇంట్ల ఆయనకెవలు పలుకుతరు?"