మా బావ పోటీ బుల్లెట్లు

మా బావ లైల్‌తో వేటకెళ్ళడం కంటే పన్ను పీకించుకోవడం హాయి.

మోంటానాలో మా లోయ బడి బస్సులన్నీ బాగుచేసేది ఆయనే. ఆదివారం వచ్చిందంటే వంటింటి బల్ల ఆయన సొంతం. గురి పోటీల కోసం చేసే బుల్లెట్లు తెప్పించి, ఒక్కొక్కటీ తూచి, తుపాకి మందు కొలిచి పోసి, తూటాలు తనే కట్టుకుంటాడు. "కూరలో ఉప్పుందో లేదో పట్టదు గానీ, మందులో ఆవగింజంత తేడా రానివ్వడు" అని మా అక్క మార్లిస్ విసుక్కుంటుంది. మూడు వందల గజాల నుంచి కొట్టిన అయిదు దెబ్బలూ ఒకే చోట పడ్డ కాగితాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించాడు. ఇంటికొచ్చిన ప్రతివాడూ దాన్ని చూసి మెచ్చుకోవాలి.

పదకొండేళ్ళు వేట పర్మిట్ల లాటరీలో పేరు వేయగా వేయగా, మొన్న శరదృతువులో ఆయనకు మగ ఎల్క్‌ని కొట్టే పర్మిట్ వచ్చింది. ఒక్కటంటే ఒక్క ఎల్క్, గుర్రమంత దుప్పి. కొట్టి పడేశాక పర్మిట్ చీటీ మీద ఆ రోజు తేదీని చాకుతో కోసెయ్యాలి, ఇక ఆ పర్మిట్ అయిపోయినట్టే. అది దొరికితే చలికాలమంతా మాంసం. అక్క ముందే ఫ్రీజర్ ఖాళీ చేసి కడిగి పెట్టింది.

"బావా, ఈసారికి మెత్తమొన బుల్లెట్లు వాడు. అవి లోపలికెళ్ళాక విచ్చుకుంటాయి. నీవి కాగితం కోసం చేసినవి" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"సూటిగా పోయేవి ఇంట్లో పెట్టుకుని, వంకరపోయేవి పట్టుకెళ్ళమంటావేంట్రా?"

"కాగితానికి ఎముకలుండవు బావా!"

"నీ వేట తెలుసులే. పోయినేడు చెట్టు మొద్దుని కాల్చి చంపావుగా."



మొదటి రోజు పొద్దున్నే అరవై గజాల్లోకి వచ్చి నిలబడింది ఎల్క్. బావ అనుకున్న చోటే, భుజం మీదే కొట్టాడు. కానీ అంత దగ్గర్నుంచి ఎముకకు తగిలేసరికి పల్చటి తొడుగున్న ఆ బుల్లెట్ పైపైనే ముక్కలైపోయినట్టుంది. ఎల్క్ తూలింది, నిలదొక్కుకుంది, అడవిలోకి పోయింది. ఆ రోజూ మర్నాడూ మంచు మీద నెత్తురు మరకలు పట్టుకుని నడిచాం. వాగు దాటాక మరకలు చుక్కలయ్యాయి. సాయంత్రం కొత్త మంచు కురిసి అవీ కనబడకుండా పోయాయి. "నేను చెప్పానా లేదా?" అని నాలుగుసార్లు అడిగాను. ఆయన కొత్త మంచుని బూటుతో తవ్వి చూస్తూనే ఉన్నాడు. దాంతో నాకు ఇంకా ఒళ్ళు మండింది.

మూడో రోజు మళ్ళీ వెతుకుతుంటే, వంద గజాల్లో ఇంకో మగ ఎల్క్ పక్కకు తిరిగి నిలబడి ఉంది. మా ఇద్దరి రైఫిళ్ళకూ ఒకే సైజు తూటా పడుతుంది. జేబులోంచి మెత్తమొనది తీసి ఆయన చేతిలో పెట్టాను.

"కొట్టు బావా! చీటీ ఇంకా కొయ్యలేదుగా!"

తూటాను ఒకసారి చూసి, తిరిగి నా చేతిలోనే పెట్టాడు.

"నా ఎల్క్‌ని మొన్ననే చంపేశాన్రా."

చాకు తీసి, పర్మిట్ చీటీ మీద మొదటి రోజు తేదీని కోసేశాడు. ఎల్క్ చేతికి చిక్కినవాడు చేసే పని అది. గాయపరిచి పోగొట్టుకున్నవాడు కూడా చీటీ కొయ్యాలని చట్టంలో లేదు. మా లోయ పెద్దవాళ్ళు మాత్రం కొయ్యాలంటారు. బార్లో కూర్చుని అందరూ అనేవాళ్ళే, కోసినవాణ్ణి నేను చూడలేదు.

"పదకొండేళ్ళు బావా!" అని అరిచాను. ఆ అరుపుకి రెండో ఎల్క్ కూడా పోయింది.

ఇంటికొచ్చేసరికి అక్క గుమ్మంలోనే ఉంది.

"మాంసమేదయ్యా?"

బావ తిన్నగా ఫ్రిజ్ దగ్గరికెళ్ళి, గురి కాగితం తీసేసి, అదే అయస్కాంతం కింద కోసిన చీటీ పెట్టాడు. అక్క తేదీ చూసింది, ఆయన మొహం చూసింది.

"కూర్చోండి. బంగాళాదుంపలున్నాయి" అంది.

తింటున్నంతసేపూ నాకు కోపం తగ్గలేదు. ఆయన స్థానంలో నేనుంటే కొట్టేవాణ్ణి. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా ఉప్పు నా వైపు జరిపాడు.