స్వరాజ్యం పుస్తకంలో మూడెకరాల నాలుగు గుంటలు

మేడ మీది గదిని స్వరాజ్యానికి కిరాయికిచ్చిన రోజు నుంచే నాకు అనుమానం. నేను అందరినీ అనుమానిస్తాను, దాచడం ఎందుకు? ఎయిర్‌పోర్టు వచ్చినప్పుడు మా అత్తగారి ఆరెకరాలు ఒక్క నోటీసుతో పోయాయి. అప్పటి నుంచి కాగితం పట్టుకుని పొలాల వైపు చూసే మనిషి ఎవరైనా నాకు దొంగే.

స్వరాజ్యం కాటేదాన్‌లో బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనిచేసేది. మాడినవి, సరిగ్గా కాలనివి కంటితో పసిగట్టి ఏరేయడం ఆమె పని. పదహారేళ్లుగా అదే. ఒంటరి మనిషి, మాట తక్కువ. సాయంత్రం బస్సు దిగి మహేశ్వరంలో మా ఇంటికొచ్చి, టీ తాగి, మేడ మీద నీళ్ల ట్యాంకు చాటున నిలబడేది. చలికాలమంతా చూపు ఈశాన్యానికే. ఆ దిక్కున, రావిర్యాల దారిలో, మాకు మిగిలిన ఒక్క పొలం చెక్క ఉంది. ఆమె చూసేది, పుస్తకంలో ఏదో రాసేది, మళ్లీ చూసేది. నేను ఆరేసిన బట్టలు తీయడానికి వెళితే పుస్తకం మూసేది.

"ఏం రాస్తున్నవ్ స్వరాజ్యం?"

"ఏం లేదక్కా, ఊకెనే."

ఊకెనే రాసేవాళ్లు గడియారం చూసుకుని మరీ రాస్తారా?

ఒకరోజు ఆమె పనికి పోయాక పుస్తకం తెరిచాను. తప్పే. పేజీల నిండా తేదీలు, వేళలు, అంకెలు: 2-1, 2-6, 3-1. అక్కడక్కడా 3-4, దాని చుట్టూ ఎర్ర సున్నా. మా వైపు భూమిని రాసేది అలాగే. ముందు ఎకరాలు, ఒక గీత, తర్వాత గుంటలు. మా చెక్క మూడెకరాల నాలుగు గుంటలు.

"సర్వే అయితుంది. మనదానికి సున్నా సుట్టిన్రు" అని నా భర్త శేఖర్‌కు చెప్పాను. అమ్మేద్దామని ఆయన ఏడాదిగా పోరుతున్నాడు, అడ్డం పడింది నేనే. ఇప్పుడు నేనే తొందరపెట్టాను. "నోటీసు రాకముందే అమ్ముదాం. ఈసారి ఉత్త చేతులతోని కూసోను."

శుక్రవారం పొద్దున రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేలిముద్ర వేసి, ఫోటో దిగి వచ్చాను. పొలం మాది కాకుండా పోయింది.

ఆ సాయంత్రం కడుపు మండి మేడెక్కాను. "మా పొలం కొలిసి ఎవరికి చెప్పినవ్?"

స్వరాజ్యం తెల్లబోయింది. "పొలమేందక్కా? నేను సుక్కను చూస్తున్న."

"నన్ను ఎడ్డిదాన్ని చెయ్యకు. మూడెకరాల నాలుగు గుంటలు, నా కండ్లతోని చూసిన."

ఆమె నన్ను వీధి దీపం కళ్లలో పడని ట్యాంకు చాటుకు తీసుకెళ్లి, ఆకాశంలో ఒక చుక్కను వేలితో చూపింది. మూడు రోజులకు మూడు గంటలు తక్కువగా ఒకసారి ఆ చుక్క మసకబారుతుందట. నిజానికవి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు చుక్కలట, మసకది వచ్చి వెలిగేదానికి అడ్డం పడుతుందట. చుట్టుపక్కల చుక్కలతో పోల్చి వెలుగుకు అంకె వేయాలి. అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. అన్నిటికన్నా మసక 3-4, అంటే మూడు పాయింట్ నాలుగు. ఎర్ర సున్నా అందుకే.

"డ్యూటీ నుంచి వస్తుంటె ఒకనాడు జర సన్నగ కనబడ్డది. మా సూపర్‌వైజర్‌కు చెప్తే నీ కండ్లు పోయినయన్నడు. పని పోతదని పరేషానయి దవాఖానకు పోయిన. కండ్లు మంచిగున్నయన్నరు. ఫోన్ల ఎతికితే ఈ సుక్క సంగతి తెలిసింది. అప్పటిసంది రాస్తున్న."

"కథలు చెప్పకు. చూపియ్యి."

"ఇయ్యాల తొమ్మిదింటికి చూడు."

కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏడింటికి ఆ చుక్క పక్కనున్న చిన్నదానికన్నా బాగా వెలుగుతోంది. మబ్బేమైనా కమ్ముతుందా, ఈమె నన్ను మాటల్లో పెడుతుందా అని కనిపెట్టుకునే ఉన్నాను. తొమ్మిదయ్యేసరికి రెండూ సమానమయ్యాయి. మబ్బు లేదు, ఏమీ లేదు.

స్వరాజ్యం మాత్రం రాయలేదు. కళ్లు తుడుచుకుని చూసింది, కాసేపు తల దించుకుని మళ్లీ చూసింది.

"రాయవేంది?"

"నా కన్ను మీద నాకే అనుమానమక్కా. మూడుసార్లు చూడంది రాయ."

నేను ఒక్కసారి చూసి పొలం అమ్ముకున్నాను. ఆ మాట చెప్పేశాను. "పొద్దుగాలనే అమ్మిన. నీ పుస్తకం చూసి."

ఆమె అక్కడే కూలబడింది. "నవ్వుతరని దాసుకున్న. ముందే చెప్తే నీ పొలం నీకుంటుండె. అంత నా వల్లనే అక్కా" అంటూ ఏడ్చింది.

ముందే చెప్పినా నేను నమ్మేదాన్ని కాదు. ఆ మాట ఆమెతో అనడానికి నాకు నోరు రాలేదు.