వెన్నలాంటి క్లచ్

డ్రైవింగ్ స్కూలు మాస్టారికి క్లచ్ అవసరం లేదు. బండి కదిలించేటప్పుడు ఒక్కసారి తొక్కడమే. ఆ తర్వాత ఎడమకాలు మడిచి, ఇంట్లో భోజనానికి కూర్చున్నట్టు సీటు మీద పెట్టేసేవారు. ఇంజను గొంతు విని, ఆక్సిలేటరు మీంచి కాలు తీసి, సరిగ్గా ఆ క్షణంలో గేరు రాడ్డును రెండు వేళ్లతో నెట్టేవారు. చప్పుడు లేకుండా గేరు పడిపోయేది. "ఇంజనుతో స్నేహం ఉంటే క్లచ్‌తో పనేంట్రా?" అనేవారు. శిష్యులు నోళ్లు తెరిచి చూసేవారు. వాళ్లెవరైనా అలా చేయబోతే మాత్రం వీపు విమానం మోత మోగిస్తానని కేకలేసేవారు.

ఇంత విద్య ఉన్న మనిషికి క్లచ్ లేని ఆటోమేటిక్ బండి పేరెత్తితే ఒళ్లు మండేది. "అదీ ఒక బండేనా? చక్రాలున్న సోఫా!" సరిగ్గా ఆ సోఫాలతోనే వీధి చివర స్కూలు తెరిచాడు సొంత బావమరిది. ఇంకేముంది, పుండు మీద కారం చల్లినట్టయింది.

ఇలా ఉండగా మాస్టారి భార్యకు ఉద్యోగం వచ్చింది. ఆవిడ నర్సు. ఇళ్లకు వెళ్లి మంచాన పడ్డవాళ్లను చూసుకోవాలి. గేర్లదైనా ఆటోమేటిక్ అయినా బండి క్లినిక్ వాళ్లే ఇస్తారు, లైసెన్సు మాత్రం నెలాఖరులోగా చూపించాలి. పిల్లలు పెద్దయ్యేదాకా ఆగి ఆగి సంపాదించుకున్న ఉద్యోగం, ఆవిడ ప్రాణమంతా దాని మీదే ఉంది.

"నా దగ్గరికి రా అక్కా, ఇట్టే నేర్పేస్తా," అన్నాడు తమ్ముడు.

"మీ అక్కకి నువ్వు నేర్పేదేంటోయ్? నేను చచ్చాననుకున్నావా?" అని మాస్టారు ఇంతెత్తున లేచారు.

మొదటి రోజే ఆవిడ క్లచ్ తొక్కకుండా గేరు లాగింది. గేరుబాక్సు గర్రుమంది. "కాలేనా అది, కర్రా?" అనేశారు మాస్టారు, అలవాటు కొద్దీ. ఆవిడ నడిరోడ్డు మీద బండి దిగి, నడిచి ఇంటికెళ్లిపోయింది. వారం పాటు ఇంట్లో మాటల్లేవు, గిన్నెలే గట్టిగా మాట్లాడాయి. శిష్యులను గడగడలాడించే మనిషి ఇంట్లో కుక్కిన పేనయ్యారు.

ఎలాగో బతిమాలి మళ్లీ బండెక్కించాక, మాస్టారికో ఉపాయం తట్టింది. నేర్పే బండికి పక్క సీటు దగ్గర కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి కదా. రెండు క్లచ్చులకూ లంకె ఉంటుంది, ఒకటి తొక్కితే రెండోదీ దిగుతుంది. ఆవిడ గేరు మీద చెయ్యి వెయ్యడం ఆలస్యం, మాస్టారు తన వైపుది తొక్కేసేవారు. ఆవిడ పాదం పెడల్ మీద ఊరికే ఆని ఉండేది, పెడల్‌తో పాటు అదీ దిగేది. "ఏవండీ, ఈ క్లచ్ వెన్నలా ఉందండీ!" అని మురిసిపోయేది. "అంతా నీ కాలి చలవ," అనేవారు మాస్టారు. ఇంట్లో శాంతి, వేళకు టీ. నిజం చెప్పాలని ఆయనకూ ఉండేది గానీ, పిల్లి మెడలో గంట కట్టేదెవరు?

పరీక్ష రోజు రానే వచ్చింది. పక్క సీట్లో ఇన్‌స్పెక్టరు కాళ్లు వెనక్కి ముడుచుకుని కూర్చున్నాడు. మాస్టారు వెనక సీట్లో ఉన్నారు. ఆవిడ దర్జాగా ఇంజను వేసి గేరు లాగింది. గర్ర్ర్! బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది.

"క్లచ్ తొక్కండమ్మా."

"తొక్కానండీ!"

మళ్లీ గర్రు, మళ్లీ గెంతు. వెనక మాస్టారు ఎడమకాలితో బండి అడుగును కసికసిగా తొక్కుతున్నారు. ఏం లాభం? ఇన్‌స్పెక్టరు జారిన కళ్లజోడు సర్దుకుని, "ఇంకోసారి రండి," అని దిగిపోయాడు.

ఇంటికి మాస్టారు నడిపారు. పక్కన ఆవిడ, కళ్ల నిండా నీళ్లు. వేరే రోజైతే ఆయన కాలు మడిచి కూర్చునేవారే. ఆ రోజు గుండెదడలో ఇంజను గొంతు వినబడితే కదా! కొత్త శిష్యుడిలా ప్రతి గేరుకూ క్లచ్ తొక్కారు. తొక్కినప్పుడల్లా ఆవిడ కాళ్ల దగ్గర పెడల్ దిగింది, లేచింది. ఆవిడ ఏడుపు ఆగిపోయింది.

"ఏవండీ, ఇది దానంతటదే దిగుతోందేంటి?"

మాస్టారు గబుక్కున కాలు తీసేశారు, ఆవిడ వైపు పెడలూ లేచింది.

"అంటే ఇన్నాళ్లూ తొక్కింది..."

"నేనే."

"ఎందుకండీ?"

"మళ్లీ మాట్లాడటం మానేస్తావని భయమేసింది."

"మరి నా ఉద్యోగం పోతుందని భయమెయ్యలేదా?"

ఎంత పని చేశానురా అని మాస్టారికి అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది.

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "స్టీరింగు తిప్పింది నేనేనా?"

"నువ్వే. బ్రేకూ నువ్వే, ఒట్టు."

"క్లచ్ ఊసే లేకుండా తోలానంటే, నేను తోలింది ఆటోమేటిక్కే కదా! తమ్ముడికి ఫోను చెయ్యండి. నేను కాదు, మీరే చెయ్యాలి."

అంతే, ఆవిడ నోరు మళ్లీ మూతపడింది. మాస్టారు పరువు చంపుకుని బావమరిదికి ఫోను చేశారు. నెలాఖరు ఇంకా రాకముందే ఆవిడ వాడి ఆటోమేటిక్ తీసుకుని పరీక్షకు వెళ్లింది. మలుపులు, రివర్సు, ఎత్తు మీద ఆపడం, ఒక్కటీ తప్పలేదు. అదే ఇన్‌స్పెక్టరు ఆశ్చర్యపోయాడు.

"ఇంత చక్కగా ఎక్కడ నేర్చుకున్నారమ్మా?"

తమ్ముడు కాలరు సర్దుకుని ముందుకొచ్చాడు. ఆవిడ వాణ్ని పక్కకు జరిపి, గేటు దగ్గర తల దించుకుని నిలబడ్డ మాస్టారిని చూపించింది.

"మా ఆయన దగ్గరేనండీ. ఆటోమేటిక్ నేర్పడంలో ఆయన్ని మించినవాళ్లు లేరు."

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. అయినా ప్రాణం లేచొచ్చింది. ఎత్తిపొడుపో ఏదో, ఆవిడ మాట్లాడింది.