మోచేతి దగ్గర ఆకుపచ్చ ఊలు

విన్నిపెగ్‌లో చదువుకుంటున్న నేను, స్నేహితురాలు శ్రావణిని చూడటానికి టొరంటో వెళ్లాను. పాతకాలపు కోట్లు దొరుకుతాయని తను నన్నొక సెకండ్ హ్యాండ్ బట్టల షాపుకు తీసుకెళ్లింది. నా స్వెటర్ విప్పి అక్కడే తగిలించి, ఒక కోటు వేసుకుని చూసుకున్నాను. వెనక్కి తిరిగేసరికి ఒక కెనడా పెద్దావిడ నా స్వెటర్ తొడుక్కుని అద్దం ముందు నిలబడి ఉంది.

"అది నాదండీ," అన్నాను ఇంగ్లీషులో.

"సారీ, ముందు నువ్వే చూశావా?"

"కాదు, నేను వేసుకొచ్చింది."

ఆవిడ వెంటనే విప్పింది కానీ చేతికివ్వలేదు. మోచేతి దగ్గర చిరుగును మా మేనత్త ఆకుపచ్చ ఊలుతో రఫూ చేసింది. అది కనబడకుండా నేనెప్పుడూ చెయ్యి మడుచుకునేదాన్ని. ఆవిడ దాన్నే వేళ్లతో తడుముతోంది.

"దీనికోసమే తీసుకున్నాను. అమ్ముతావా?"

"ఇచ్చెయ్యవే, కొత్తది కొనుక్కోవచ్చు," అంది శ్రావణి తెలుగులో.

అమ్మనన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"పోనీ, ఇలా కుట్టడం నాకు నేర్పుతావా?"

"నాకు రాదండీ."

ఆవిడ జాలిగా చూసి స్వెటర్ ఇచ్చేసింది. ఇన్నాళ్లూ ఆ రఫూ ఉన్నందుకు సిగ్గుపడ్డాను. అలా కుట్టడం రానందుకు సిగ్గేయడం మాత్రం అదే మొదటిసారి.