పైడమ్మ తెలుపు

పరదేశంలో, ఆంగ్ మో కియో అనే పేటలోని పెయింటు దుకాణంలో ముప్ఫై ఏళ్ళుగా పైడమ్మ కలిపిన రంగుకు తిరుగులేదు. గోటి మీద చుక్క వేసుకుని, తల వంచి చూసి, డబ్బా మూత మీద బొటనవేలి ముద్ర కొట్టిందంటే ఇక రంగులు సరిచూసే యంత్రం కూడా నోరెత్తకూడదు. మొన్న ఒక కంటికి శుక్లం తీయించుకుంది. ఇవాళ బౌద్ధాలయం గోడకు తెలుపు కలిపి చూస్తే, కొత్త కంటికి మల్లెపూవులా ఉంది, పాత కంటికి వెన్నలా ఉంది. ఒక కన్ను మూసి, ఇంకొకటి తెరిచి పదిసార్లు చూసింది. రంగు కోసం వచ్చిన భిక్షువు నవ్వి, "ఏది అసలు తెలుపు, ఆంటీ?" అని ఇంగ్లీషులో అడిగాడు. పైడమ్మ నిటారుగా నిలబడి, మూత మీద ముద్ర కొట్టి, అతనికి అర్థమవుతుందో లేదో చూడకుండా తెలుగులోనే, కొత్త రంగు కనిపెట్టినంత గర్వంగా చెప్పింది: "రంగు కలిపీది కన్నే సామీ! ఇన్నేళ్ళూ నానే కలిపేననుకున్నాను."